సైనికుని కన్నులయెదుటి అద్దము

యుద్ధభూమిలో నిలిచిన సైనికునకు రెండు పనులు గలవు. తన యెదుట నున్నదానిని తన కన్నులతో చూచుట యొకటి. తన కన్నులకు కానరానిదానిని గూర్చి యితరులవలన తెలిసికొనుట రెండవది. పూర్వకాలమున నీ రెండును వేరువేరుగ నుండెను. శత్రువు కొండకావల నున్నాడని వేగులవాడు వచ్చి చెప్పవలెను. దళపతి పటము విప్పి దారిని నిర్ణయింపవలెను. అటుపిమ్మట సైనికుడు తలయెత్తి ముందునకు సాగవలెను. పటము చూచుటకు తల వంచినవాడు శత్రువును చూడజాలడు. శత్రువును చూచుచున్నవాడు పటమును చూడజాలడు. ఈ చిక్కును తీర్చుటకై, సైనికునకు కావలసిన వార్తను వాని కన్నులయెదుటనే, వాడు చూచుచున్న దృశ్యముమీదనే కనబడునట్లు చేయవలెనని పాశ్చాత్యదేశములందు నూరేండ్లకు పైగా ప్రయత్నము జరుగుచున్నది. ఆ ప్రయత్నముయొక్క చరిత్రమును సంగ్రహముగ తెలుపుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

యుద్ధసాధనముల చరిత్రము గృహస్థులకేల యని కొందరడుగవచ్చును. ఈ చరిత్రమున తుపాకులకంటె మెడలును, కన్నులును, తలనొప్పులును ఎక్కువగ కనబడును. విద్వాంసులును ధనవంతులును అధికారులును కలిసి యొక సామాన్యుని మేలుకొరకే యొక వస్తువును నిర్మింపబూనినప్పుడు, ఆ సామాన్యుని మాటకు ఎంత విలువ నీయవలెననునది యిందలి ముఖ్యమైన ప్రశ్న. ఆ ప్రశ్న సైన్యములకు మాత్రమే చెందినది కాదు.

ఈ యంత్రమునకు మూలమైన సూత్రము మనమందరము ఎరిగినదే. రాత్రివేళ దీపము వెలుగుచున్న రైలుబండిలో కూర్చుండి కిటికీయద్దమునుండి బయటికి చూచినచో చెట్లును పొలములును మసకగ కనబడుచుండగనే వానిపై లోపలి దీపముయొక్క ప్రతిబింబమును కనబడును. ఒకే యద్దము బయటి వెలుతురును లోనికి రానిచ్చుచు, లోపలి వెలుతురును మన కన్నులవైపు మరలించుచున్నది. డబ్లిను నగరమున దూరదర్శినులను నిర్మించుటలో పేరుగాంచిన హోవార్డు గ్రబ్ అనునాతడు 1900వ సంవత్సరమున నీ సూత్రమును తుపాకిగురికి ఉపయోగించెను. కంటికి దగ్గరగా వ్రేలిని నిలిపి దూరముననున్న చెట్టును చూడుడు. చెట్టు స్పష్టముగ నున్నప్పుడు వ్రేలు మసకబారును, వ్రేలు స్పష్టమైనప్పుడు చెట్టు మసకబారును. తుపాకి కాల్చువానికిని ఇదే కష్టము. గ్రబ్ ఒక చిన్న గుర్తుయొక్క వెలుతురును కటకముగుండ పంపి, ఏటవాలుగ నిలిపిన యద్దముపై పడునట్లు చేసెను. అప్పుడా గుర్తు అద్దములో నుండక, చాల దూరమున, గురిమీదనే యున్నట్లు తోచును. కన్ను ఒక్క దూరమునే చూచిన చాలును. 1918లో జర్మనులు తమ యుద్ధవిమానములలో కొన్నిటి కిట్టి యద్దమును అమర్చిరి. రెండవ ప్రపంచయుద్ధమునాటికి అన్ని పెద్ద దేశముల యుద్ధవిమానములలోను అది సామాన్యవస్తు వయ్యెను.

అద్దమును తలకే తగిలింపవచ్చునని తలచినవాడును ఆ కాలముననే యొకడు గలడు. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రవాసియగు ఆల్బర్టు ప్రాట్టు 1916లో ఒక విచిత్రమైన శిరస్త్రాణమునకు పేటెంటు పొందెను. దాని నెత్తిని ఒక తుపాకి. కంటిముందు ఒక గురి. తల యెటు త్రిప్పిన తుపాకియు అటు తిరుగును. నోటిలోని గొట్టమును ఊదినచో గుండు ప్రేలును. పోరు లేనప్పుడు ఆ శిరస్త్రాణమును బోర్లించి వంటపాత్రగా వాడుకొనవచ్చునని కూడ ఆయన వ్రాసెను. ఇది సైన్యమున వాడుకలోనికి రాలేదు. తలపై తుపాకి ప్రేలినచో మెడ యేమగునో యూహింపగలవారికి కారణము చెప్పనక్కరలేదు. కాని చూపు తిరిగినవైపునకే ఆయుధమును తిరుగవలెనను తలంపు మాత్రము ప్రాట్టుతో చావలేదు.

విమానములలోని అద్దమునకు ఒక లోపము గలదు. అది యెదుట కదలక నిలిచియుండును. వైమానికుడు ప్రక్కకు చూచినచో గుర్తు కనబడదు. కావున అద్దము తలతోకూడ తిరుగవలెను. 1960 దశకమున అమెరికాలోని బెల్ హెలికాప్టరు కంపెనీవారు ఒక పరీక్ష చేసిరి. హెలికాప్టరు క్రింద నొక కెమెరాను అమర్చి, అది వైమానికుని తల తిరిగినట్లెల్ల తిరుగునట్లు చేసి, అది చూచిన దృశ్యమును వాని కన్నులయెదుటి చిన్న తెరలలో చూపిరి. చీకటిలో నేలపై దిగుటకు ఇది యుపకరించునని వారి యుద్దేశము. ఐవాన్ సదర్లాండు అను పండితుడు ఈ పరీక్షలను చూచి, కెమెరాకు బదులుగ కంప్యూటరే దృశ్యమును కల్పింపరాదా యని తలచెను. రక్షణశాఖవారి ధనసహాయముతో ఆయనయు ఆయన శిష్యులును నిర్మించిన యంత్రమును గూర్చి 1968 డిసెంబరులో లోకమునకు తెలిపెను. దానిని ధరించినవానికి గదినడుమ గాలిలో ఒక గీతల పెట్టె తేలుచున్నట్లు కనబడెను. వాడు చుట్టు నడచిన కొలదియు పెట్టెయొక్క వేరువేరు ముఖములు కనబడెను.

నేటి దృశ్యయంత్రములకెల్ల నిదియే పితామహుడని చెప్పవచ్చును. కాని తల యెటు తిరిగినదో కొలుచుటకై యింటికప్పునుండి ఒక లోహదండమును వ్రేలాడదీసి దానిని తలకు తగిలింపవలసివచ్చెను. సింహాసనముపై కూర్చున్నవాని తలపై నొక వెండ్రుకతో కత్తి వ్రేలాడుచుండెనను గ్రీకు కథనుబట్టి దానికి డామొక్లీసుని ఖడ్గమని పేరిడిరి. ప్రయోగశాలలో ఇది తగియుండెను. సైనికునకు ఇంటికప్పు లేదు. వాని యంత్రముయొక్క బరువంతయు వాని మెడయే మోయవలెను. పండితుల గదిలోనున్న వస్తువునకును పోరునేలపైనున్న వస్తువునకును గల యంతరము మొదటినుండియు ఇట్టిది.

ఓహాయో రాష్ట్రమున డేటను నగరసమీపముననున్న వాయుసేనా పరిశోధనాలయమున థామస్ ఫర్నెస్ అను యువకుడు 1966 మొదలుకొని యీ విషయముననే కృషి చేయుచుండెను. యుద్ధవిమానమున వైమానికుని చుట్టునుండు ముండ్లపలకలును మీటలును లెక్కకు మిక్కిలి పెరిగి, వానినన్నిటిని చూచుకొనుట మానవసాధ్యము కాకున్నదని ఆయన గ్రహించెను. వానినన్నిటిని తీసివేసి, వైమానికునకు కావలసినదంతయు వాని శిరస్త్రాణములోనే చూపవలెనని ఆయన సంకల్పము. 1982లో ఆయన చూపిన శిరస్త్రాణము మనుష్యుని తలకంటె ఎన్నియో రెట్లు పెద్దది. చూచినవారు అబ్బురపడిరి, కాని దానితో నెవ్వరును ఆకాశమున పోరాడలేదు. ఫర్నెస్ 1989లో సియాటిల్ నగరముననున్న వాషింగ్టను విశ్వవిద్యాలయమున చేరి, ఈ విద్యను వైద్యమునకును బోధనకును ఉపయోగించు మార్గములను వెదకెను.

ఇదే కాలమున సోవియటు రష్యాలో నింకొక మార్గమున పని జరిగెను. 1980 దశకముననే మిగ్-29 అను యుద్ధవిమానమును నడపువారికి వారొక సామాన్యమైన సాధనము నిచ్చిరి. శిరస్త్రాణమునకు తగిలించిన చిన్న అద్దము. అందులో నొక వెలుగువలయము. అంతకుమించి దాదాపు ఏమియు లేదు. వైమానికుడు ఆ వలయమును శత్రువిమానముమీద నిలిపినచో, రెక్కక్రిందనున్న క్షిపణియొక్క కన్నును ఆవైపునకే తిరుగును. విమానము ముక్కును శత్రువువైపు త్రిప్పవలసిన పనిలేదు. అమెరికా నౌకాసేన 1970 దశకమున నిట్టి గురినే తన ఫాంటం విమానములలో పెట్టి చూచెను. నాటి క్షిపణు లంతగా మలుపు తిరుగజాలకపోవుటచే ఆ ప్రయత్నము విరమింపబడెను. 1990లో రెండు జర్మనీలు ఏకమైనప్పుడు తూర్పు జర్మనీయొక్క 24 మిగ్-29 విమానములు పశ్చిమదేశములవారి చేతికి చిక్కెను. వానితో మాదిరిపోరులు సల్పి చూచినప్పుడు, దగ్గరి పోరాటమున ఈ చిన్నవలయము తమ గొప్ప యంత్రములను మించుచున్నదని పశ్చిమదేశములవారు గుర్తించి, తామును అట్టివి నిర్మింపసాగిరి. మన భారత వాయుసేన 1987లోనే ఈ విమానములను చేర్చుకొనియుండెను. అంతయు చూపబూనిన శిరస్త్రాణము ప్రయోగశాలలో నిలిచిపోవగా, ఒక్క వలయమును చూపినది ఆకాశమున పనిచేసెనని మనము గమనింపవలెను.

ఎక్కువ చూపవలసిన యవసరమును లేకపోలేదు. అమెరికావారి అపాచీ హెలికాప్టరు చీకటిరాత్రులయందు చెట్లకొమ్మల నంటునంత తగ్గున ఎగురవలెను. 1986లో సైన్యదళములలోనికి వచ్చిన ఈ హెలికాప్టరు ముక్కునందు వేడినిబట్టి చూడగల కెమెరా గలదు. అది చూచినది వైమానికుని కుడికంటిముందరి చిన్న యద్దమున కనబడును. వాని రెండుకన్నులును వేరువేరు లోకములను చూచునని చెప్పుట అతిశయోక్తి కాదు. కుడికన్ను పచ్చనివెలుగులో వేడిదృశ్యమును చూచును; ఎడమకన్ను చీకటిని, విమానములోపలి ముండ్లపలకలను చూచును. పైగా ఆ కెమెరా వాని కంటికి సుమారు 10 అడుగుల ముందును 3 అడుగుల క్రిందను ఉన్నది. అనగా వాని కుడికన్ను వాని తలలో లేదు. విమానపు ముక్కులో నున్నది. మనుష్యుని మనస్సు రెండుకన్నుల చూపులను కలిపి యొక్కటిగ చేయునుగాని, పరస్పరవిరుద్ధములైన చూపులను కలుపజాలదు. ఒకమారు దీనిని, ఒకమారు దానిని గ్రహించును. ఇష్టమువచ్చినప్పుడు ఒకదానిని విడిచి వేరొకదానిని పట్టుట వైమానికుడు కష్టపడి నేర్చుకొనవలెను. అలబామాలోని సైనికవైద్యపరిశోధనాలయమువారు 1990లో కొందరు అపాచీ వైమానికులను విచారింపగా, నూటికి 80మందికి పైగా కంటికి సంబంధించిన బాధ యేదో యొకటి యున్నదని చెప్పిరి. అయినను వారు దానితోనే యెగురుచు వచ్చిరి. ఏలయన, చీకటిలో గ్రుడ్డిగ నెగురుటకంటె కన్నునొప్పియే మేలు. ఈ హెలికాప్టరుల దేహభాగములు నేడు మన హైదరాబాదు సమీపమున గల కర్మాగారమున తయారగుచున్నవి. ఇందలి మేలును, ఆ మేలునకు మనుష్యుని శరీరము చెల్లించు మూల్యమును రెండును నిజములే.

ఈ మూల్యము కంటితో ముగియదు. మన స్త్రీలు నీటికుండను నెత్తిని చుట్టకుదురుపై నిలిపి చాలదూరము నడచిపోవుట మనము చూచినదే. ఆ బరువు వెన్నెముకకు సరిగ పైన నుండును గావున మెడ దానిని భరించును. అదే బరువులో నాలుగవవంతును నొసటిముందు వ్రేలాడగట్టి నడువుమన్నచో గడియసేపైనను నడువలేరు. దృశ్యయంత్రముయొక్క అద్దములును తెరలును కన్నులముందే యుండవలెను. కనుక వాని బరువును ముందునకే వ్రేలాడును. ఎఫ్-35 అను నేటి యుద్ధవిమానముయొక్క శిరస్త్రాణము ఒక్కటి సుమారు 4 లక్షల డాలర్ల వెలగలది. దానిని ధరించినవాడు విమానపు బయటిభాగముననున్న కెమెరాల సహాయమున తన కాళ్లక్రిందినుండియు నేలను చూడగలడు. అయినను ఆపత్సమయమున ఆసనముతోకూడ బయటికి ఎగసినచో తేలికదేహము గలవారి మెడలకు ప్రాణాపాయము కలుగునని పరీక్షలలో తేలుటచే, 136 పౌనులకు తక్కువ బరువుగలవారు దానిని నడుపగూడదని 2015లో నిషేధింపవలసివచ్చెను. శిరస్త్రాణమును తేలికచేసి, ఆసనమును సవరించిన పిమ్మట 2017లో ఆ నిషేధము తొలగెను. మెడ కాదన్నది, యంత్రము తగ్గినది. ఈ క్రమము సరియైనది.

వైమానికునకైనను ఆసనము గలదు, విద్యుచ్ఛక్తి గలదు. కాలినడక సిపాయికి రెండును లేవు. అతనికిని దృశ్యయంత్రము నీయవలెనని అమెరికా సైన్యము 1990 దశకమున ల్యాండ్ వారియర్ అను ప్రయత్నమును ఆరంభించెను. శిరస్త్రాణమునుండి ఒక కంటిముందునకు వ్రేలాడు చిన్నతెర. అందులో నొక పటము. పటముపై తన తోడివారు ఎక్కడెక్కడ నున్నారో తెలుపు గుర్తులు. ఇందుకు సుమారు 50 కోట్ల డాలర్లు వ్యయమయ్యెను. దానిని మోయు సిపాయికి తుపాకి, గుండ్లు, నీరు, కవచము ఇవియన్నియు ముందే గలవు. ఇప్పుడు కంప్యూటరును, తంతులును, బ్యాటరీలును వానికి తోడయ్యెను. 2007 ఆరంభమున ప్రభుత్వమువారు ఈ ప్రయత్నమునకు ధనము నిలిపివేసిరి.

ఇక్కడనే చరిత్ర యొక చిత్రమైన మలుపు తిరిగినది. ధనము ఆగినను, 9వ పదాతి రెజిమెంటులోని 4వ పటాలమువారు అప్పటికే సాధన చేసియుండుటచే, అదే సంవత్సరమున ఆ యంత్రములతోనే ఇరాకునకు పోయిరి. వారు దానిని ఇచ్చినది ఇచ్చినట్లు స్వీకరింపలేదు. అక్కరలేని భాగములను తీసివేయించి బరువును తగ్గింపించిరి. ప్రతి సిపాయికిని అది యక్కరలేదనియు, చిన్నదళములను నడపు నాయకులకు ఇచ్చిన చాలుననియు తేల్చిరి. అట్లు తగ్గించిన పిమ్మట, మొదట దానిని ఏవగించుకొన్నవారే, చీకటివీథులలో తమవా రెచ్చట నున్నారో తెలియుటవలన మేలు కలుగుచున్నదని చెప్పిరి. 2009లో మరియొక దళమువారు దానిని ఆఫ్గనిస్థానమునకు తీసికొనిపోయిరి. అటుపిమ్మట సైన్యమువారు నెట్ వారియర్ అను పేరున నొక క్రొత్తదానిని తలపెట్టి, మొదట దానికిని కంటియెదుటి తెరనే యుద్దేశించి, తుదకు ఆ తెరను మానివేసి, మన చేతులలో నుండునట్టి ఫోనునే సిపాయి రొమ్మునకు తగిలించిరి. అక్కరయైనప్పుడు దానిని వంచి చూచుకొనును; అక్కరలేనప్పుడు మూసివైచును. తలమీదనుండి రొమ్మునకు దిగుట యోటమియని కొందరందురు. నాకు అది వివేకముగ తోచుచున్నది. ధరించువాడు వలదన్నదానిని వలదని యొప్పుకొన్నచోటనే ఆ యంత్రము బ్రదికినది.

కొన్ని సంవత్సరములు గడచినవి. 2015లో మైక్రోసాఫ్టు కంపెనీవారు హోలోలెన్స్ అను కన్నులయద్దమును లోకమునకు చూపిరి. ధరించినవాని గదిలోనే, బల్లమీదనో గోడమీదనో, బొమ్మలు నిలిచినట్లు అది చూపును. వైద్యవిద్యార్థులకు శరీరనిర్మాణమును బోధించుటకును అది వాడబడెను. 2018 నవంబరులో అమెరికా సైన్యమువారు దానిని పోరునకు తగునట్లు మార్చుటకై సుమారు 48 కోట్ల డాలర్ల యొడంబడికను ఆ కంపెనీతో చేసికొనిరి. రాత్రిచూపు, పటము, శత్రుమిత్రుల గుర్తులు, తుపాకిగురి ఇవియన్నియు ఒక్క అద్దములోనే యుండవలెనని సంకల్పము. 2021 మార్చిలో దీనిని పదేండ్లలో 2,188 కోట్ల డాలర్లవరకు విస్తరింపవచ్చునని ప్రకటించిరి.

అప్పటికి ఆ కంపెనీకి అధిపతి మన హైదరాబాదులో పుట్టిన తెలుగువాడు సత్య నాదెళ్ల. 2014లో ఆయన ఆ పదవికి వచ్చెను. 2019 ఫిబ్రవరిలో కంపెనీ యుద్యోగులు కొందరు ఆయనకు బహిరంగముగ నొక లేఖ వ్రాసి, తాము ఆయుధములను నిర్మించుటకు చేరినవారము కామనియు, ఈ యద్దము యుద్ధమును బొమ్మలాటవలె తోపజేసి చంపుటయొక్క ఘోరత్వమును సిపాయికి మరుగుపరచుననియు, యొడంబడికను రద్దుచేయవలసినదనియు కోరిరి. ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వములు తమ స్వాతంత్ర్యమును కాపాడుకొనుటకు కోరు విద్యను తాము దాచియుంచబోమని నాదెళ్లవారు ప్రత్యుత్తర మిచ్చిరి. ఇరువురి మాటలయందును ధర్మవిచారము గలదు. తన చేతిపని యెందుకు వినియోగపడునో యడుగు హక్కు పనివానికి గలదు. దేశరక్షణమునకు సాయపడుటయు తప్పు కాదు. ఈ వివాదమును తీర్చుటకు నేను పూనుకొనను. కాని యిరుపక్షములవారును ఆ యంత్రము చెప్పినట్లే పనిచేయునని నమ్మియే వాదించిరి. అది పనిచేయునో లేదో చెప్పవలసినవాడు మూడవవాడు: దానిని ధరించు సిపాయి.

సిపాయిని అడుగలేదని చెప్పుట న్యాయము కాదు. సైన్యమువారు పలుమారులు సిపాయిలచేత ధరింపజేసి వారి యభిప్రాయములను సేకరించుచునే యుండిరి. అయినను 2022 ఏప్రిలులో రక్షణశాఖయొక్క తనిఖీయధికారి ప్రకటించిన నివేదికయందు ఒక లోపము వెల్లడియైనది. సిపాయిలలో ఎంతమంది యెంతవరకు మెచ్చుకొన్నచో ఆ యంత్రము అంగీకార్యమగునో సైన్యమువారు ముందుగ నిర్ణయింపలేదు. వాడువారు అంగీకరింపని యంత్రమును కొన్నచో 2,188 కోట్ల డాలర్లవరకు వ్యర్థము కావచ్చునని ఆయన హెచ్చరించెను. అడిగిరి, కాని కాదన్నచో నేమి చేయవలెనో తమలో తాము నిశ్చయించుకొనలేదు. అట్టి ప్రశ్నకు ప్రత్యుత్తరము మర్యాదకొరకు మాత్రమే యుండును.

ఆ సంవత్సరమే పోరును పోలిన పరీక్షలు జరిగెను. తలనొప్పి, కన్నులబడలిక, వికారము, మెడనొప్పి, దిక్కుతోచకుండుట మొదలగు బాధలలో నేదో యొకటి యధికసంఖ్యాకులైన సిపాయిలకు కలిగెను. బాధపడినవారిలో నూటికి 80మందికి పైగా మూడుగంటలైనను గడువకమునుపే ఆ బాధను పొందిరి. మసకవెలుతురులో చూపు సరిగ సాగలేదు, ప్రక్కచూపు తగ్గెను, తెరయొక్క వెలుగు వందలకొలది గజముల దూరమునుండియు శత్రువునకు కనబడునట్లుండెను. శత్రువును చూపుటకు పెట్టుకొన్న దీపమే శత్రువునకు దారి చూపెనన్నమాట. వికారమునకు కారణము సులభముగ గ్రహింపవచ్చును. నడచుచున్న బండిలో పుస్తకము చదువువారికి తల తిరుగును. కదలుచున్నామని చెవిలోపలి యింద్రియము చెప్పును, కదలుట లేదని కన్ను చెప్పును. తల తిరిగిన క్షణమునకును అద్దములోని బొమ్మ తిరిగిన క్షణమునకును ఆవగింజంత యెడమున్నను శరీరము దానిని పసిగట్టి యెదురుతిరుగును.

భారతమును చదివినవారికి ఇక్కడ నొక సంగతి తట్టక మానదు. కురుక్షేత్రమున దివ్యదృష్టి యిద్దరికి లభించెను. సంజయుడు దూరమున కూర్చుండి, పోరాడక, చూచినదానిని చూచినట్లు చెప్పెను. అతనికి బాధ లేదు. విల్లు చేతబట్టి రణమధ్యమున నిలిచిన అర్జునునకు విశ్వరూపమును చూచుటకు అదే కన్ను లభింపగా, అతడు దిక్కులెరుగక తల్లడిల్లి, ఆ దృశ్యమును ఉపసంహరించి మునుపటి మనుష్యరూపమునే చూపుమని వేడుకొనెను. కూర్చున్నవాడు భరింపగలదానిని పోరాడువాడు భరింపజాలడని వ్యాసులవారు ఎరుగుదురు. అర్జునుడు వేడగనే కృష్ణుడు తన రూపమును ఉపసంహరించెను. అడిగినవాని కష్టమును విని వెంటనే తగ్గించుటయే ఆ ఘట్టమున మనము నేర్వవలసిన గొప్పతనము.

అమెరికా శాసనసభవారు 2022 డిసెంబరులో ఆ పని చేసిరి. మరి 6,900 యంత్రములను కొనుటకు సైన్యమువారు కోరిన 40 కోట్ల డాలర్లను నిరాకరించి, యంత్రమును బాగుచేయుటకు మాత్రము 4 కోట్ల డాలర్లను ఇచ్చిరి. 2023లో వచ్చిన క్రొత్త నమూనాలో అద్దమును కంటిముందునుండి పైకెత్తుటకు వీలు కల్పించి, బరువును తలచుట్టు పంచిపెట్టిరి. 2025 ఫిబ్రవరిలో ఈ పనిని మైక్రోసాఫ్టునుండి యాండురిల్ అను కంపెనీ తీసికొనుచున్నట్లు ప్రకటన వెలువడెను. దానిని స్థాపించినవారిలో నొకడగు పామర్ లక్కీ, పిల్లలు ఆటలాడుకొను ఆక్యులస్ అను తలయద్దమును నిర్మించి ధనికుడైనవాడు. అదే సంవత్సరము సెప్టెంబరులో సైన్యమువారు క్రొత్త పేరుతో, ఒకటికంటె నెక్కువ కంపెనీలకు, క్రొత్త నమూనాలను నిర్మించు పని నప్పగించిరి. ప్రయత్నము ఆగలేదు, ఆగునని తలచుటకును కారణము లేదు.

ఈ నూరేండ్ల చరిత్రమునుండి మనకు తేలునది స్పష్టముగనే యున్నది. గ్రబ్ గారి యద్దమును మిగ్-29 వలయమును నిలిచినవి. అవి కొంచెమే చూపినవి, కన్నును దాని పనిని దానినే చేయనిచ్చినవి. ఎఫ్-35 శిరస్త్రాణమును ల్యాండ్ వారియరును నిలద్రొక్కుకొన్నవి; మెడయు సిపాయియు కాదన్నప్పుడు అవి తగ్గినవి. ఎన్నివేల కోట్లను ముందుగ నిర్ణయించినను, ధరించువాని నిరాకరణమునకు చోటు విడువని యంత్రము మూడుగంటల తలనొప్పితో నిలిచిపోయెను. శాస్త్రజ్ఞుల బుద్ధిలోపము దీనికి కారణము కాదు, వారు మహాబుద్ధిమంతులు. నిర్మించువాడు యంత్రమునకు ఏమేమి చేర్పవచ్చునో యోచించును. ధరించువాడు దేనిని మోయవలెనో యోచించును. ఈ రెండవ యోచనకు మొదటిదానిని ఆపగల యధికారము లేనంతకాలమును తలపై బరువు పెరుగుచునే యుండును.

ఈ యద్దములు సైన్యమునొద్దనే నిలువవు. కర్మాగారములలోను వైద్యశాలలలోను ఇప్పటికే ప్రవేశించినవి. బడిపిల్లల తలలకును వచ్చుచున్నవి. అప్పుడు మనము వానిని గుడ్డిగ తిరస్కరింపరాదు, గుడ్డిగ నెత్తిన పెట్టుకొనరాదు. పిల్లవాడు గంటసేపు ధరించి కన్నులు నులుముకొన్నచో, ఆ నులుముకొనుటయే వాని యభిప్రాయము, దానిని మన్నింపవలెను.

మన సంఘమునకు మేలుచేయ బూనిన మనమును ఇందుండి గ్రహింపవలసినది గలదు. వితంతువుల మేలు, కూలివాండ్ర మేలు, పిల్లల మేలు కోరి మనము సభలు చేయుచున్నాము, తీర్మానములు వ్రాయుచున్నాము. వారి యభిప్రాయమును అడుగుచునే యున్నామని కూడ చెప్పుకొందుము. వారు కాదన్ననాడు మన తీర్మానము మారునా, మారదా? మారదేని మనము వారిని అడిగినట్లు కాదు. మేలు ఎవరికొరకు ఉద్దేశింపబడినదో, దాని బరువును మోయువారు వారే. ఆ బరువు ఎంతయో తెలిసినదియు వారి మెడకే.